గాలిపత్రంలో చివరి వరుస

వైశాఖ శుద్ధ పంచమి, సోమవారం. మేము గని లోపలికొచ్చిన అరవై మూడో ఏడు.

పొద్దున్నే మొదటి ఆశ్చర్యం: నాకు పని నేర్పే కనకవ్వ తన కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోమంది.

ప్రెస్సులో చేరినప్పటినుంచి నేను కాగితం కోసం పుట్టగొడుగుల పొట్టు నానబెట్టాను, కాగితాలు ఆరబెట్టాను, సిరా కలిపాను, కనకవ్వ టీ చల్లారకుండా చూశాను. తెర ముందు కూర్చోవడం మాత్రం ఇదే మొదటిసారి. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను.

"చేతులు ఒళ్లె వెట్టుకుంటే పేజీ ఎవలు జేత్తరే సమ్మీ? మీ తాత అత్తడా?" అంది కనకవ్వ.

కొత్తగా చేరినవాళ్లు రోజూ దినచర్య రాయాలని మా ప్రెస్సు నియమం. నా తర్వాత వచ్చేవాళ్లు చదివి పని నేర్చుకోవాలి. కాబట్టి పని గురించి వివరంగా రాస్తాను.

తెర నల్లగా ఉంటుంది. మూలన ఒక ఆకుపచ్చ గీత మినుకు మినుకుమంటూ మన మాట కోసం ఎదురుచూస్తుంటుంది. బొమ్మలు, గుర్తులు ఏవీ ఉండవు. ఏం కావాలో మాటల్లోనే రాయాలి. ‘చూపు గాలిపత్రం’ అని రాసి పంపాను. వెంటనే పేజీ నిలబడింది. నాలుగు అంచులా చుక్కల గీతలు, పైన మా గని ఊరి పేరు, దాని కింద కొంత ఖాళీ, ఆ తర్వాత ఒకటో వీధి నుంచి పద్నాలుగో వీధి దాకా వరుసలు. ఏ వీధి తలుపు ఏ గంటకు తీయాలో, ఏ గంటకు మూయాలో వాటిలో ఉంది. చుక్కల గీత బయట, అట్టడుగున ఒకే మాట: పట్టింది.

అంటే రాసిందంతా కాగితంలో పడుతుందని. ఈ పనిముట్టు పేరే ‘చూపు’. మొదటి తరంవాళ్లు రాసిపెట్టి వెళ్లారు. కాగితం మాకు అన్నంతో సమానం. సరిపోతుందో లేదో చూడడానికని ఒక కాగితం పాడుచేసే ధైర్యం ఎవరికీ లేదు. అందుకే తెర మీద చూసుకుంటాం, ‘పట్టింది’ అంటేనే అచ్చు యంత్రానికి పంపుతాం.

అచ్చయ్యాక మేము కాగితం చదవకూడదు. యంత్రం నోట్లోంచి తడిగా వస్తుండగానే రాత లోపలికి వచ్చేట్టు మడిచి, ముద్రవేసి, వీధి తలుపులు తీసి మూసే తలుపరులకు పంపేస్తాం. ప్రెస్సులో ఎవరూ మధ్యలో ఒక అంకె మార్చలేదని ఊరికి నమ్మకం ఉండాలి కదా! కనకవ్వ కళ్లు మూసుకుని మడుస్తుంది. నేను ఇంకా అరకన్ను తెరుస్తున్నానని ఇవాళ రెండుసార్లు తిట్టింది.

సాయంత్రం రెండో ఆశ్చర్యం. "పేజీల ఊరి పేరు కింద నాలుగు వరుసల జాగ ఉత్తగ పోతాంది. పిల్లలకు రోజుకో మాట నేర్పు. అర్థం గూడ రాయి. నీకు మాటల పిచ్చి గదా, ఆ పిచ్చి ఊరందరికి అంటియ్యి," అంది.

రేపటికి ‘చినుకు’ అని ఎంచాను. పైన ఎండ మనిషిని బతకనివ్వదు కాబట్టి మేమెవరం చినుకును చూడలేదు. ప్రెస్సు నిఘంటువులో చూశాను. నోట్లో పెట్టుకుంటే చల్లగా ఉంది ఆ మాట.

వైశాఖ శుద్ధ సప్తమి, బుధవారం.

నిన్నంతా వీధుల్లో పిల్లలు ‘చినుకు చినుకు’ అని అరుస్తూ ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకున్నారట. నీళ్లు వృథా చేసినందుకు దెబ్బలు కూడా తిన్నారట. నాకు సంతోషం ఆగలేదు.

ఇవాళ్టి మాట కోసం నిఘంటువులో చాలాసేపు వెతికాను. చంద్రుడి వెలుగుకు ఎన్ని పేర్లు! వాటిలో ఒకటి చదవగానే ఒళ్లు ఝల్లుమంది. ‘జ్యోత్స్న’. పలికితే నాలుక మూడు మెట్లు దిగి వస్తుంది. రాస్తే ఒక అక్షరం కింద ఇంకొకటి, దాని కింద మరొకటి, అచ్చం మా గనిలా ఉంది. కింద ఇలా రాశాను: ‘చంద్రుని స్వచ్ఛమైన కాంతి. ఈర్ష్య లేని వెలుగు. తీక్ష్ణత లేని వెలుగు. వాత్సల్యంతో అందరి మీదా ఒకేలా పడుతుంది.’

కనకవ్వ వంగి చదివింది. "గీ మాట పలుకుడుకే పిల్లల పండ్లూడుతయి," అంది. అయినా తీసెయ్యమనలేదు.

చూపును అడిగాను. పట్టింది. పద్నాలుగో వీధి వరుస చుక్కల గీతకు సరిగ్గా ఆనుకుని కూర్చుంది. ఇంత అందమైన పేజీ నేనింతవరకు చూడలేదు. కళ్లు గట్టిగా మూసుకుని మడిచాను.

వైశాఖ శుద్ధ అష్టమి, గురువారం.

ప్రెస్సు తలుపు తీసేసరికి ఓదెలు మామ బయట కూర్చుని ఉన్నాడు. మా అమ్మకు అన్న. పద్నాలుగో వీధి తలుపరి. పని దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడలో ఈల ఇంకా వేలాడుతోంది.

"నిన్న మా వీధి మాటే లేదు కాగితంల," అన్నాడు.

"ఉంది మామా. నేనే చేసిన పేజీ. చివరి వరుస మీదే."

"బిడ్డా, నాకు చదువు తక్కువనే గని, మా వీధి పేరు గుర్తువట్టనా? పదమూడో వీధి దాకనే ఉన్నది. ఆడికి కాగితం అయిపోయింది."

మా ఊళ్లో ఉన్నది ఒకే పెద్ద ఫ్యాను. అందరికీ ఒకేసారి గాలి సరిపోదు. పొలానికి నీళ్ల వంతు ఉండేదట పాతకాలంలో, అలాగే మాకు గాలి వంతు. తలుపు తీసినప్పుడు వీధిలోకి గాలి వస్తుంది. అచ్చుకాగితంలో లేని వంతుకు ఏ తలుపరీ తలుపు తీయడు. పద్నాలుగో వీధి అందరికంటే లోతున ఉంది. నిన్న పొద్దుటి వంతు పూర్తిగా పోయింది వాళ్లకు.

"మరి నువ్వే తియ్యరాదా మామా?"

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "దొంగ గొంతుల ఏడు నువ్వు పుట్టలే. నేను చిన్న పోరన్ని. ఫోన్ల ఫ్యాను పెద్దసారు గొంతు అచ్చింది, అన్ని తలుపులు తియ్యిర్రని. అచ్చం సారు గొంతే. సారు కాదు, ఎవడో మిషిన్‌తోని చేయించిండు. అందరు తీసిన్రు. గాలి చివరిదాక రాలే. మా అవ్వ గా రోజే పోయింది. అప్పటిసంది కాగితం తప్ప ఇంకోటి నమ్మద్దని ఊరే ఒట్టేసుకున్నది. నేను తీత్తనా?"

కనకవ్వ తెర మీద నిన్నటి పేజీ మళ్లీ తెప్పించింది. చూపు దాన్ని ఉన్నదున్నట్టు చూపించింది. పద్నాలుగో వీధి వరుస అడుగున స్పష్టంగా ఉంది. పట్టింది.

అదే సమయానికి గాలి ఆఫీసు రాజేశం సార్ ఇవాళ్టి వంతులు పట్టుకుని వచ్చాడు. వంతులు నిర్ణయించేది ఆయనే. తెర చూశాడు, మామను చూశాడు. "అంచు చిరిగి ఉంటది ఓదెలూ. పుట్టగొడుగు కాగితం పీచు పీచు లేత్తది. గోడకు అంటియ్యంగ చింపుకున్నవేమో, సూస్కోవాలె గదా."

"చింపలే సార్. నిన్నటి కాగితం తెప్పియ్యిర్రి, సూపెడత."

నిన్నటి కాగితం ఎక్కడుంది? సాయంత్రం గోడల మీంచి తీసి అన్నిటినీ తొట్టిలో నానేశాం. నేనే కలియదిప్పాను. ఇప్పుడది మెత్తటి గుజ్జు.

ఇవాళ్టి మాటకు తీరిక లేక ‘నీడ’ అని వేశాను. పత్రం మామ చేతికే ఇచ్చాం. ఆయన ముద్ర తీసి మా ముందే చదువుకున్నాడు. పద్నాలుగో వీధి ఉంది. మామ ముఖంలో సంతోషం లేదు, సిగ్గు ఉంది. చేయని తప్పు తన మీద పడి అతుక్కుపోయినట్టు.

పని అయ్యాక వాళ్ల వీధికి వెళ్లాను. దీపాల మంట చిటికెనవేలంత ఉంది. మామ కూతురు రజిత వదినకు బిడ్డ పుట్టి పదిహేను రోజులు కాలేదు, ఇంకా పేరు పెట్టలేదు. నెల ముందే పుట్టిన పిల్ల.

"నిన్నటిసంది ఏడుస్తలేదు సమ్మీ," అంది వదిన. "ఏడుస్తే ఇసుక్కునేదాన్ని. ఇప్పుడు ఏడ్వాలని మొక్కుతన్న."

పిల్ల ఛాతీ మీద వేలు పెట్టాను. పిచ్చుక అనే మాట నిఘంటువులో చదివాను, చూడలేదు. ఇలాగే ఉంటుందేమో.

వైశాఖ శుద్ధ నవమి, శుక్రవారం.

వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

పొద్దున పేజీ చేసేటప్పుడు నేనే స్వయంగా పద్నాలుగో వీధి వరుస మీద వేలు పెట్టి చదివాను. కనకవ్వ చేత కూడా చదివించాను. నిన్నటి దిగులు పోవాలని మంచి మాట వేశాను: ‘వర్షర్తువు. తీక్ష్ణమైన గ్రీష్మం పోయాక వచ్చే కాలం. ఆకాశం వాత్సల్యంతో నీళ్లు పోసే కాలం. స్వాతంత్ర్యం లాంటి కాలం.’ చూపు పట్టిందంది. మడిచాం, పంపాం.

రెండో గంట కొట్టాక వీధుల్లో దీపాలు ఒక్కసారిగా కిందికి వంగాయి. తొమ్మిదో వీధిలో వంతు నడుస్తుండగా గాలి పడిపోయింది. ఒక ముసలాయన సొమ్మసిల్లి పడ్డాడు, మొహాన నీళ్లు కొట్టి లేపారు. ఎవరో వంతు లేకుండా తలుపు తీశారని ఈలలు మోగాయి.

తీసింది ఓదెలు మామ.

నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి మామ తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. రాజేశం సార్, ఇద్దరు కాపలావాళ్లు ఎదురుగా ఉన్నారు.

"కాగితంల లేదని నువ్వే అంటవు, మల్ల నువ్వే తీత్తవు. ఇదేం లెక్క ఓదెలూ?" అన్నాడు సార్.

"లెక్క నాకు దెల్వదు సార్. పసిగుడ్డు పెదవులు నీలమైనయి. కాగితం కోసం సూత్తె పాణం పోతది, కాలవెట్ట కట్టెలు కూడ దొరకయి ఈడ. తీసిన. ఇగ మీరేం జేత్తరో జెయ్యిర్రి."

"తొమ్మిదో వీధిల మనిషి పోతే?"

మామ తల దించుకున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆయనకే ఎక్కువ తెలుసు.

పిల్ల ఏడ్చింది. సన్నగా, పిల్లికూతలా. వదిన లోపల ఉండి నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఆ ఏడుపు వింటూనే మామ చేతులు ముందుకు చాచాడు, వాళ్లు తాడు కట్టారు.

గోడ మీది కాగితాన్ని రాజేశం సార్ పీకేసి జేబులో పెట్టుకున్నాడు. "మల్ల అంచు చింపిండు," అన్నాడు కాపలావాళ్లతో. అంచు నిజంగానే పీచుగా ఉంది. మా కాగితాలన్నిటి అంచులూ అలాగే ఉంటాయి.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇంత తేలికైన ఆలోచన ఇంతసేపు రానందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. పత్రం అన్ని వీధులకూ ఒకటే కదా! మా మూడో వీధికి పరుగెత్తాను. నానేయడానికి ఇంకా తీయలేదు. గోడ దగ్గర నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మా వరుస కాకుండా మిగతా వరుసలు కూడా చదివాను. అందరం ఎవరి వరుస వాళ్లమే చదువుకుంటాం. ఒకటి, రెండు, మూడు, అలా దిగాను. పదమూడు. ఆ తర్వాత తెల్ల అంచు.

మామ చింపలేదు. ఎవరూ చింపలేదు. పద్నాలుగో వీధి అసలు అచ్చే కాలేదు.

చుట్టూ చూసి కాగితాన్ని ఊడదీసి రవికెలో దాచుకున్నాను. గోడ కాగితం తీయడం తప్పు. తెలుసు.

వైశాఖ శుద్ధ దశమి, శనివారం.

పంచాయతీ పొద్దున్నే కూర్చుంది. మా ఊరి పంచాయతీ పెద్దలందరూ ఒకటో వీధివాళ్లే. అది గని నోటికి దగ్గర, గాలి ముందు వాళ్లకే అందుతుంది. మధ్యాహ్నానికి రాజేశం సార్ తీర్పు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకే వరుస: ‘పద్నాలుగో వీధి తలుపరి ఓదెలును పై గేటు దుమ్ము పనికి పంపాలి.’

పై గేటు అంటే బయటి ఎండ. గేటు జల్లెడకు పట్టిన దుమ్మును చేత్తో దులపాలి. ఒక వేసవి పూర్తిగా చేసి దిగివచ్చినవాళ్లను నేను చూడలేదు.

"సార్, మామ చింపలేదు," అన్నాను.

"నీ తెర మీద వరుస ఉన్నదా లేదా?"

"ఉంది సార్."

"తెర మీద ఉన్నది, గోడ మీద లేదు. నడుమ ఎవలున్నరు? మీరు చదవరు, మడుత్తరు. ముద్ర ఇప్పేది తలుపరి. ఇగ నువ్వే చెప్పు." నా తల నిమిరి, "మేనమామ గదా, బాధ ఉంటది. రేపటి పత్రంల అడుగున ఎయ్యి. మర్నాడు అచ్చుగాని తీర్పు చెల్లదు, యాదిమరువకు," అని వెళ్లిపోయాడు.

తీర్పును పద్నాలుగో వీధి కింద చేర్చాను. రోజుకో మాట వేసే పెట్టెలో ఒక వరుస తగ్గించాను. చూపును అడిగాను. పట్టింది.

నిన్న కూడా ఇదే అంది. నిన్నటి పేజీ తెర మీదికి తెప్పించి, రవికెలోంచి నిన్నటి కాగితం తీసి పక్కన పెట్టాను. చివరి వరుస తప్ప రెంటిలోనూ అవే మాటలు. మరి ఏది వేరు? బొటనవేలితో కొలిచాను, కుదరలేదు. పైట కొసలోంచి ఒక నూలుపోగు లాగి, కాగితం మీద వీధుల వరుసల మధ్య దూరం కొలిచాను. అన్నీ సమానం. తర్వాత నా మాట పెట్టెను కొలిచాను.

పోగు సరిపోలేదు.

‘తీక్ష్ణమైన’ ఉన్న వరుసకూ దాని కింది వరుసకూ మధ్య దూరం ఎక్కువ. ‘స్వాతంత్ర్యం’ కింద మరీ ఎక్కువ. వత్తు కింద వత్తు దిగిన చోటల్లా, అది కింది వరుస తలకట్లకు తగలకుండా అచ్చు యంత్రం మిగతా పేజీని కొంచెం కొంచెం కిందికి తోసింది. ఆ కొంచెం కొంచెమంతా కలిసి ఒక వరుస అయింది. అడుగున ఉన్నది అంచు దాటి పడిపోయింది. యంత్రం అరవదు, ఆగదు. చోటు చాలని వరుసను అచ్చేయదు, అంతే.

తెర మీద మాత్రం ప్రతి వరుసకూ ఒకటే ఎత్తు. నాకు తెలిసిన పద్ధతిలో ‘తెరువు చూపు’ అని రాసి ఆ పనిముట్టు లోపలికి వెళ్లాను. మొదటి తరంవాళ్లు రాసిన మాటలు వరసగా దిగాయి. వెతకగా వెతకగా దొరికింది: ‘ప్రతి వరుస ఎత్తు ఒకటి.’ వాళ్ల తప్పేం లేదు. అప్పుడు పత్రంలో వీధుల పేర్లు, గంటలు తప్ప ఏమీ లేవు. ఎవరూ జ్యోత్స్న రాయలేదు.

నేను రాశాను.

బుధవారం రాశాను, శుక్రవారం రాశాను. నేను నాలుకతో మెట్లు దిగి మురిసిపోయిన ప్రతిసారీ కింద ఒక వీధికి గాలి ఆగింది. అందుకే పిల్ల పెదవులు నీలమయ్యాయి. అందుకే తొమ్మిదో వీధి ముసలాయన పడిపోయాడు. చాలాసేపు గోడకు నుదురు ఆనించి నిలబడ్డాను.

తర్వాత కుర్చీలో కూర్చున్నాను. ఆ వరుస కింద నేనొక వరుస చేర్చాను: వత్తు కింద వత్తు దిగితే ఎత్తు ఒకటిన్నర. ఇదే సరైన కొలత అని చెప్పలేను, నూలుపోగు చెప్పిన లెక్క ఇది. నిన్నటి పేజీని అడిగాను. తెర కాసేపు ఆలోచించి, మా ప్రెస్సులో ఎవరూ ఎప్పుడూ చూడని మాట చూపించింది: పట్టలేదు. ఒక వరుస బయట.

కనకవ్వను పిలిచి అన్నీ చూపించాను. ఆమె పోగుతో తనే మళ్లీ కొలిచింది. తర్వాత నా పక్కన నేల మీద కూలబడింది.

"ఎంతకాలంసంది కళ్లు మూసుకొని మడుత్తన్న సమ్మీ," అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు జేర్చింది తీసెయ్. ఎవలకు చెప్పకు. రేపు నీ గా పండ్లూడే మాట మల్ల ఎయ్యి, ఇంకా రెండు గట్టియి జేర్చు. అడుగున ఉన్నది తీర్పే గదా. అదే పడిపోతది. పద్నాలుగో వీధి పైనుంటది, దానికేం గాదు. మర్నాడు అచ్చుగాని తీర్పు చెల్లదు. మీ మామ ఇంటికత్తడు. ఎల్లుండిసంది అల్కటి మాటలు ఏద్దాం. అయిపాయె."

నేను వెంటనే కాదనలేదు. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. కాదనకపోవడమే కాదు, వేళ్లు మీటల మీదికి వెళ్లాయి. తీర్పును బయటికి తోయడానికి ఏ మాటలు కావాలో మనసు అప్పటికే ఎంచుతోంది. ఎంత చక్కగా ఎంచుతోందంటే, నాకే భయం వేసింది.

"అప్పుడు మామ చింపలేదని ఎవరికి తెలుస్తుంది కనకవ్వా? శిక్ష తప్పుతుంది, అంతే. దొంగతనం చేసి తప్పించుకున్నాడనే అంటారు."

"అననియ్. బతికుంటడు."

"ఫోన్లో గొంతు మార్చినవాడు ఏం చేశాడు? వినేవాళ్లకు తెలియకుండా మాట మార్చాడు. మనం చదివేవాళ్లకు తెలియకుండా వరుస తీస్తున్నాం. రేపు నా మామ కోసం. మరోరోజు ఇంకెవరో, ఇంకొకరి గాలి కోసం."

"పెద్ద పెద్ద మాటలు మాట్లాడకే!" కనకవ్వ కోపంగా లేచింది. "నువ్వు పోయి చెప్తే ఏమైతది? గాలిపత్రం తప్పు వడ్డదని తెలుత్తది. రేపటిసంది ఏ తలుపరి నమ్ముతడు? నా కుర్చీ పోతది, నీ కొలువు పోతది. గోడ కాగితం పీకినవని నిన్ను గూడ పట్టుకపోయి కూసోవెడుతరు. అప్పటికి మీ మామ పైననే ఉంటడు!"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ కనపడలేదు నాకు. అందుకే ఇంకా భయంగా ఉంది.

"నువ్వు నాతో రావద్దులే. నేనే చెప్తాను," అన్నాను.

కనకవ్వ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "అత్తనని అంటలే. గని పంచాయతీల నన్ను అడిగితే కొలిచిందే చెప్త. అబద్ధం ఆడ." వెళ్లిపోయింది.

రేపు పొద్దున చేయాల్సిన పనులు.

మొదటి గంటకు ముందే పంచాయతీ గది ముందు నిలబడాలి. నిన్నటి కాగితం, నూలుపోగు తీసుకెళ్లాలి. ముందు గోడ కాగితం తీసింది నేనేనని చెప్పాలి. వాళ్లు అడిగాక చెబితే వేరేగా ఉంటుంది. తర్వాత పెద్దలను, రాజేశం సార్‌ను ప్రెస్సుకు పిలవాలి. వాళ్ల ముందే తెర మీద శుక్రవారం పేజీ చూపించాలి, వాళ్ల ముందే అచ్చుకు పంపాలి. కాగితం బయటికి వచ్చాక నేను కళ్లు మూసుకోను, మడవను. అందరికీ వినపడేట్టు పైనుంచి కింది దాకా చదువుతాను. మాట తడబడకుండా ఇప్పుడు ఒకసారి బయటికి చదివి చూశాను. తడబడింది. పొద్దున ఇంకోసారి చదవాలి.

వాళ్లు నమ్మితే మామను విడిచిపెట్టమని అడగాలి. నమ్మకపోయినా ఇంకొకటి అడగాలి. అది ఇప్పుడే రేపటి పేజీలో చేసిపెట్టాను, వాళ్లు ఒప్పుకుంటే పంపడమే ఆలస్యం. వీధులను ఒకటి నుంచి పద్నాలుగు దాకా కాకుండా, పద్నాలుగు నుంచి ఒకటి దాకా పేర్చాను. ఓదెలు మామ వీధి అన్నిటికంటే పైన ఉంది. తీర్పుకు చోటు తీసేశాను, అదీ వాళ్లకు ముందే చెబుతాను. చుక్కల గీతకు ఆనుకుని, పట్టీ పట్టక, ఒకటో వీధి కూర్చుంది. ఇకనుంచి అడుగు వరుస ఉందో లేదో పంచాయతీ పెద్దలే రోజూ పొద్దున్నే వచ్చి చూసుకుంటారు.